ఫోన్లో నేనన్న మాట

జూలై 14

ఆరేండ్ల అలవాటు, చెయ్యి ఊరుకోలా. ఇజ్రాయెల్‌లో, హైఫాలో నేను చూసుకునే ముసలాయన ఇంట్లో, పొద్దున లేస్తూనే బుక్కు తీసి గీతలు కొట్టి రాసేదాన్ని. సాబా ఎన్ని గంటలకు లేచినాడు, ఏ మాత్ర వేసినా, బీపీ ఎంత, ఎంత తిన్నాడు, ఎంత వదిలిపెట్టినాడు. వారానికొకసారి ఆయన కూతురు వచ్చి చదివి, కింద సంతకం పెట్టేది. మే నెలలో సాబా పోయినాడు. జూన్‌లో నేను ఇంటికొచ్చినా. ఇప్పుడు రాయమనేవాళ్లు లేరు, చదివేవాళ్లూ లేరు. అయినా నిన్న తనకల్లుకు పోయినప్పుడు నోట్‌బుక్ కొనుక్కొచ్చినా.

లేచింది అయిదున్నరకు. టీ తాగినా. మాత్ర లేదు. వాన లేదు.

సాబా అంటే వాళ్ల భాషలో తాత. అసలు పేరు ఎలియాకీం. ఎనభై ఎనిమిదేండ్ల మనిషిని పేరు పెట్టి పిలిచేదానికి నాకు నోరు రాలా.

జూలై 16

నా మొగుడు వీరేష్ టమోటా లోడుతో చింతామణికి పోయినాడు. రేపటికి గానీ రాడు. మా పాప గౌతమి స్కూలు బ్యాగు ఇంకా మేకుకే ఉండాది. ఆయప్ప తీయలా. నేనూ తీయలా.

అత్త ఇంట్లో లేదు. పాప పోయిన పదకొండో దినమే వీరేష్ ఆమెను గోరంట్ల పక్క వాళ్ల తమ్ముడు సుంకప్ప ఇంటికి తోలేసినాడంట. "నా బిడ్డను చంపినావు, ఇంక నా గడప తొక్కొద్దు, సమాధి కాడికీ రావద్దు" అన్నాడంట, ఊరంతా వింటాండంగా. కన్నతల్లి మీద చెయ్యి కూడా ఎత్తినాడంట.

సరిగ్గానే చేసినాడు.

జూలై 21

ఒక్కసారి రాసేస్తా, మళ్లీ రాయను.

పోయిన ఏటికి ముందేడు, నవంబర్. ఆదివారం. స్కూలు లేదు. పొద్దున పదిన్నరకు ఎనుముకు మేత వెయ్యాలని గౌతమి వామిలో చెనిక్కాయ కట్టె పీకుతాండాది. రక్తపింజరి. కుడి చేతి మీద. తొమ్మిదో తరగతి నా బిడ్డ.

వీరేష్ లోడుతో పోయినాడు, ఫోన్ ఎత్తలా. నేను ఇజ్రాయెల్‌లో ఉండా. ఇంట్లో అత్తొక్కతే. తనకల్లు ఆస్పత్రి ఎనిమిది కిలోమీటర్లు. మునేశ్వరుని గుట్ట కాడ పాము మంత్రం వేసే తిమ్మన్న ఉండేది రెండు కిలోమీటర్లు. అత్త తిమ్మన్న కాడికి తీసకపోయింది. మధ్యాన్నం మూడు దాకా ఆడుండే ఒక బండ మీదనే పెట్టుకున్నారు. ఆ తర్వాత తనకల్లు, ఆడి నుంచి కదిరికి అంబులెన్సు. కదిరి చేరలా.

నేను ఏఎన్ఎం ట్రైనింగ్ చేసినదాన్ని. పాము కరిస్తే ఏం చెయ్యాల్నో నాకు తెలుసు. అత్త నాకొక్క ఫోన్ చేసింటే చెప్పేదాన్ని. చెయ్యలా.

జూలై 22

వాన లేదు.

ఆగస్టు 4

పక్కింటి యశోదమ్మ వచ్చి చాటలో కందులు ఏరుకుంటా కూర్చుండె. "ఏం చేస్తావు హేమా. నొసట రాసింది తప్పించేది ఎవరి తరం? ఆ బిడ్డకు అంతే రాసిపెట్టింది. మీయత్తను అనుకోని ఏం లాభం?" అన్నాది.

నొసటి రాతే అయితే అత్త తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. ఆ మాట వింటే నాకు కడుపులో చల్లగా ఉంటాది. కానీ వెంటనే సాబా గొంతు అడ్డమొస్తాది.

ఆయన కాలేజీలో నలభై ఏండ్లు పాఠం చెప్పినాడు. దేవుణ్ణి నమ్మేదానికి మనిషి కాడ ఏం ఆధారముండాది, దేవునికి అన్నీ ముందే తెలిస్తే మనిషి చేసిన పని మనిషిదెట్లయితాది, ఇదీ ఆయన పాఠం. వాళ్ల యూదుల పెద్దలు వెయ్యేండ్ల నుంచి దీని మీదనే కొట్లాడినారంట. కండ్లు కనపడక చదివేది పోయినాక ఆయనకు మాట్లాడేదొకటే మిగిలింది. వినేదానికి నేను మిగిలినా. సగం ఇంగ్లీషు, సగం వాళ్ల భాష.

పాప బాగుండే దినాల్లోనే ఒకసారి, గోర్లు తీస్తా అడిగినా. "సాబా, మా పక్క అంతా నొసట రాసింటాదంటారు. మీ దేవునికీ అన్నీ ముందే తెలుసంటారు. రెండూ ఒకటే కదా?"

ఆయనకు ఉత్సాహమొచ్చింది. చెయ్యి ఆడిచ్చొద్దు, తెగుతాదని అరిచినా.

"రేపు నేను అబద్ధమాడతానని దేవునికి తెలుసనుకో. ఆయనకు తెలిసింది తప్పు కాదు. అంటే నేను ఆడక తప్పదు. ఆడక తప్పనోణ్ణి ఎందుకు తిట్టాల? ఇదీ చిక్కు. మావాళ్లలో ఒక పెద్దాయన, దేవుడు తెలుసుకునే తీరు మనం తెలుసుకునే తీరు కాదు, అది నీ బుర్రకు అందదు, నీ పని మాత్రం నీదే, పో అన్నాడు. ఇంకొకాయనకు అది చాలలా. మనిషి ముందర రెండు దావలుండాయని దేవునికి తెలుసు, యా దావన పోతాడో మాత్రం తెలీదు అన్నాడు. ఆయన్ను మావాళ్లు బాగా తిట్టినారు. ఆ తర్వాతి కాలంలో ఒకాయన, జరిగేదంతా కట్టేసినట్టే జరుగుతాది, కానీ నీ మనసు ఒప్పుకోని చేసిందా లేదా, అదొక్కటే నీది అన్నాడు."

"మీరెవరి పక్క?"

"పొద్దున ఒకరి పక్క. సాయంత్రం ఇంకొకరి పక్క." నవ్వినాడు. తర్వాత అడిగినాడు. "మీ నొసటి రాతను ముందుగా చదివినోళ్లు ఎవరన్నా ఉండారా?"

"లేదు సాబా. అయిపోయినాకే తెలుస్తాది."

"అయిపోయినాక చదివేదాన్ని రాత అనరు హేమా. జ్ఞాపకం అంటారు."

ఆ పొద్దు నేనూ నవ్వినా.

ఆగస్టు 11

చెనిక్కాయ విత్తనం ఇంకా మూటల్లోనే ఉండాది. ఇంక అదును దాటిపోయినట్టే అన్నాడు వీరేష్. అంతకంటే ఈ వారంలో మా ఇద్దరి మధ్య పెద్ద మాటలేం లేవు.

ఆగస్టు 18

పాప పోయినప్పుడు నేను రాలా. మర్సటి దినం పొద్దున్నే పూడ్చిపెట్టినారు. "వచ్చి ఏం చూస్తావు" అన్నాడు వీరేష్ ఫోన్లో. ఆ మాట పట్టుకోని ఆడనే ఉండిపోయినా, ఇంకో ఏడాదిన్నర.

సాబా నన్ను పని చెయ్యనీలా. వాళ్లల్లో సావు జరిగితే ఏడు దినాలు ఇంటోళ్లు పొట్టి పీటల మీద కూర్చుంటారు, వేరేవాళ్లు వచ్చి అన్నం పెట్టాల. నువ్వు కూర్చోమన్నాడు. నేను యూదుల మనిషిని కాదు సాబా అంటే, "నీ బిడ్డ బిడ్డ కాదా?" అన్నాడు. తనకు తానే గోడ పట్టుకోని పోయి కాఫీ పెట్టినాడు. సగం కింద పోసినాడు. మూడు దినాలు నా ఎదురుగ్గా కూర్చుండె గానీ ఒక్క మాట మాట్లాడలా. ఏడ్చేవాళ్లు ముందర మాట్లాడేదాకా వచ్చినోళ్లు నోరు తెరవకూడదంట.

నాలుగో దినం నేనే అన్నా. "దేవుడు ఇట్ల రాసినాడని చెప్పు సాబా. ఒక్కసారి చెప్పు. నువ్వు చదివినోడివి, నువ్వంటే నమ్ముతా."

"చెప్పలేను" అన్నాడు. "నాకు తెలీని మాట. నీకు బాగుంటాదని చెప్తే అది మందు, నిజం కాదు. ఇంకోటి గూడా ఉండాది. ఆ సావు ఎవరి చేతిలోనూ లేదంటే, నువ్వు ఆ బిడ్డకు పాలిచ్చింది, జడేసింది, అవి గూడా ఎవరివీ కాకుండా పోతాయి. రాసినోనివే అయిపోతాయి. అవి నీవి హేమా. పోగొట్టుకోవద్దు."

నాకు కోపమొచ్చింది. పొట్టి పీట తన్నేసి లోపలికి పోయినా. మూడు దినాలు ఆయనతో మాట్లాడలా. ఆ మూడు దినాలూ కాఫీ ఆయనే పెట్టినాడు.

ఆగస్టు 30

రాత్రి చిన్న జల్లు. దుమ్ము అణిగింది, అంతే.

ముందర ఒకటి తప్పు రాసినా. అత్త ఫోన్ చేసింది ఆ దినం. కానీ లైను సరిగా లేదు. ఏం చెప్పిందో నాకు అర్థం కాలా.

సెప్టెంబర్ 8

తిమ్మన్న కాడికి పోయినా. వీరేష్‌కు చెప్పలా.

తిట్టేదానికే పోయినా. దావంతా ఏమేం అనాల్నో కూడబెట్టుకుంటా నడిచినా. గుట్ట కింద గొర్రెల దొడ్డి, దాని పక్కనే ఆ బండ. ముసలాయన తుమ్మకొమ్మలు కంచెకు అడ్డం పెడతాండాడు.

"ఎవురమ్మా?"

"గౌతమి వాళ్లమ్మను."

చేతిలో కొమ్మ కింద పెట్టి లేచి నిలబడినాడు. అంత పెద్దమనిషి నా ముందర అట్ల నిలబడేసరికి కూడబెట్టుకున్న మాటలన్నీ యాడికి పోయినాయో.

"అన్ని గంటలు ఎందుకు పెట్టుకున్నావు నా బిడ్డను?" అన్నా.

"నమ్మినానమ్మా" అన్నాడు. "మా నాయన నాకు చెప్పినాడు. ఆయనకు వాళ్ల నాయన. కొడుక్కు మంత్రమిచ్చే తండ్రి అబద్ధం చెప్తాడా? నా కండ్లతో చూసినా గూడా. నీ మొగుడే బతకలా? ఏడేండ్లవాడు, మడమ మీద కాటు. ఈ బండ మీదనే పండుకోబెట్టినా. సాయంత్రానికి లేసి రొట్టె తిన్నాడు."

ఇదే మాట సాబా నోట విన్నా. వాళ్లు వాళ్ల దేవుణ్ణి ఎట్ల నమ్ముతారంటే, ఆయన ఒక మనిషికి కలలో కనపడినోడు కాదంట. లక్షల మంది ఒకే పొద్దున ఒక కొండ కింద నిలబడి ఆయన గొంతు విన్నారంట. వాళ్లు బిడ్డలకు చెప్పినారు, ఆ బిడ్డలు వాళ్ల బిడ్డలకు చెప్పినారు. అంతమంది తండ్రులు కూడబలుక్కోని బిడ్డలకు అబద్ధం చెప్పరు గదా అని వాళ్ల వాదం. సాబాకు ఆ వాదమంటే చానా ఇష్టం. "ఇష్టమైంది గాబట్టే దీన్ని రెండుసార్లు అనుమానిస్తా. తండ్రి అబద్ధం చెప్పడు, సరే. తండ్రి పొరపాటు పడొచ్చు గదా?" అనేవాడు.

"పాప చిగుళ్లలో నెత్తురు వచ్చినాక భయమైంది" అన్నాడు తిమ్మన్న. "నేనే చెప్పినా ఆస్పత్రికి ఎత్తుకోని పొమ్మని. అప్పటికే మూడైంది. అప్పుటి నుంచి ఈ దొడ్డిలో కూర్చోని ఆలోచన చేస్తాండా. బతికినోళ్లే నా కాడికి మళ్లీ వచ్చినారు తల్లీ. టెంకాయ తెచ్చినారు, కోడి తెచ్చినారు. చచ్చినోళ్లు వచ్చి చెప్తారా? వాళ్లను నేనెప్పుడు ఎంచినా? పాముల్లో గూడా విషం లేనివి, కరిసినా విషం వదలనివే ఎక్కువంట, తనకల్లు డాక్టరు చెప్పినాడు. అంటే మంత్రం లేకున్నా వాళ్లు బతికేటోళ్లేనేమో. మా నాయనకు ఆ సంగతి తెలీదు. నాకూ తెలీదు."

"ఇప్పుడూ మంత్రం వేస్తాండావా?"

"ఎవురన్నా వస్తే ఆటో పిలిపిచ్చి తనకల్లుకు తోలేస్తాండా. మంత్రం అడగొద్దండని చెప్తాండా. కొందరు తిట్టిపోతారు."

నేను తిరుక్కున్నా. వెనక నుంచి అన్నాడు. "మీయత్తను ఏమనొద్దు తల్లీ. ఆమె ఆ పొద్దు ఒకటే మాట. 'నా కోడలు చదువుకుండాది, ఆమెను అడిగే తెచ్చినా' అని."

సెప్టెంబర్ 9

ముసలాయనకు మతి సరిగా లేదు. ఎనభై ఏండ్లు ఉంటాయి. ఎవరో ఇంకొకరు అన్న మాట అత్త అన్నట్టు చెప్పినాడు.

సెప్టెంబర్ 10

వాన లేదు.

సెప్టెంబర్ 22

వీరేష్ మంచం మీద కూర్చోని మడమకు నూనె పూసుకుంటాండె. ఆడ చిన్న మచ్చ ఉండాది. పెండ్లైన కొత్తలో ఆ మచ్చ నాకు చూపిచ్చి, చచ్చి బతికినోణ్ణి చేసుకున్నావు అని నవ్వినాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ మునేశ్వరునికి కోడి కోసినాం. ట్రైనింగ్‌లో పాము కాటు పాఠం చెప్పినప్పుడు నేను బుక్కులో రాసుకున్నా, పరీక్షలో రాసినా, మార్కులొచ్చినాయి. కానీ నా మొగుని మడమ నా కండ్ల ముందర ఉండె. పరీక్షకు ఒకటి నమ్మినా, ఇంటికి ఒకటి నమ్మినా.

ఎందుకు రాస్తాండానో ఇది.

అక్టోబర్ 13

లైను బాగానే ఉండె.

మన కాడ పదకొండు అయితాంటే వాళ్లకు ఏడున్నర. సాబాను బాత్‌రూంలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టి సబ్బు రాస్తాండా. ఫోన్ మోగింది. తడి చేత్తోనే ఎత్తినా.

"హేమా, గౌతమికి పాము కరిసింది. చెయ్యి మీద. వీరేష్ ఫోన్ ఎత్తలా. తిమ్మన్న కాడికి తీసకపోదునా, తనకల్లుకు పోదునా? నువ్వు చదివినదానివి. నువ్వు చెప్పు" అన్నాది అత్త.

"తిమ్మన్న కాడికే పో అత్తా. ముందర ఆడికి పో" అన్నా.

అంతే. ఫోన్‌లో ఆ కాల్ లెక్క ఇంకా ఉండాది. నలభై రెండు సెకండ్లు.

ఎందుకన్నా? సాబా చలికి వణుకుతాండాడు, కుర్చీ జారుతాదని భయం. అది కొంచెం. ఏ నీళ్లపామో అయ్యింటాదిలే అనుకున్నా. అదీ కొంచెం. వీరేష్ మడమ. అదీ. తనకల్లుకు పొమ్మంటే అత్త ఆటో కోసం తిరగాల, ముసిల్ది, అని గూడా అనుకున్నానా? ఏమో, ఇది తర్వాత నేను కలుపుకున్నదేమో. ఇవన్నీ కలిపినా గూడా ఆ మాట అనక తప్పదని లేదు. నోరు నాది. "తనకల్లుకు పో" అనేదానికి గూడా అంతే సేపు పడ్తాది.

ఏడు దినాలు అయినాక సాబా అడిగినాడు. "ఆ పొద్దున నాకు స్నానం చేపిచ్చేటప్పుడు ఫోన్ వచ్చింది గదా. ఎవరు?"

"రాంగ్ నంబర్" అన్నా.

కనపడని కండ్లతో నా పక్కే చూస్తా కూర్చుండె. మళ్లీ అడగలా. ఆయన పొయ్యేదాకా నేను చెప్పలా.

అత్త గూడా చెప్పలా. ఎవరికీ చెప్పలా. కొడుకు కొట్టినప్పుడు చెప్పలా, ఊరంతా ముఖాన ఉమ్మినట్టు మాట్లాడినప్పుడు చెప్పలా. "నీ పెండ్లామే పొమ్మంది" అని ఒక్క మాట అనింటే చాలు, ఆమె ఈ పొద్దు ఈ ఇంట్లో ఉండేది.

నేనొచ్చి నాలుగు నెలలు. ఒక్కసారి పోయి ఆమెను చూడలా.

అక్టోబర్ 14

రాసింది చదివినా. చింపేయాలనుకున్నా. చింపలా.

నవంబర్ 3

గౌతమి దినం తొమ్మిదో తేదీ. అన్నం పెట్టుకోని సమాధి కాడికి పోవాల. వీరేష్ అందరికీ చెప్పొచ్చినాడు.

చచ్చిపోయినోళ్లకు తప్పు చేసింటే మీరేం చేస్తారని సాబాను చివరి దినాల్లో అడిగినా. ఎవరి గురించి అని ఆయన అడగలా. "దేవునికి చేసిన తప్పు దేవునితో చెప్పుకోవచ్చు. మనిషికి చేసింది మనిషితోనే చెప్పుకోవాల. దేవుడు మధ్యలో దూరి మాఫీ చెయ్యడు. ఆ మనిషి చచ్చిపోయింటే, సమాధి కాడికి పది మందిని తీసకపోయి, వాళ్ల ముందర నోరు తెరిచి చెప్పాల" అన్నాడు.

"చెప్తే ఏమయితాది సాబా? పోయినోళ్లు వస్తారా?"

"రారు. జరిగింది జరిగిందే. అది నాదని అనాల్నా వద్దా అనేది మాత్రం ఇంకా జరగలా గదా."

నవంబర్ 9

చెప్పినా.

పన్నెండు మంది వచ్చినారు. మావాళ్లు, యశోదమ్మ, గౌతమితో చదివిన ఇద్దరు ఆడపిల్లలు. విస్తట్లో అన్నం, కోడిగుడ్డు, గౌతమికిష్టమని చెక్కిలాలు పెట్టినాం. టెంకాయ కొట్టినాక అందరూ లేస్తాంటే, కూర్చోండి, ఒక మాట చెప్పాల అన్నా.

"గౌతమిని తిమ్మన్న కాడికి తీసకపొమ్మనింది నేను. అత్త నాకు ఫోన్ చేసి అడిగింది. ఆస్పత్రికా, ఆడికా అని అడిగింది. నేను ఆడికే పొమ్మన్నా. రెండేండ్లు దాచినా. తప్పు నాది. పాపా, తప్పు నాది."

ఆడపిల్లల్లో ఒకతె ఏడ్చింది. యశోదమ్మ నా భుజం పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాది.

వీరేష్ గిన్నెలు ఒకదాన్లో ఒకటి పెట్టినాడు. మూట కట్టినాడు. ఎత్తుకోని ఇంటికి పోయినాడు.

నవంబర్ 10

తిండి తినలా. ఆయప్పా, నేనూ.

నవంబర్ 11

"మాయమ్మకు తెలుసునా ఇది?" అన్నాడు. తలకాయ ఎత్తలా.

"ఆమెకే తెలుసు."

"లేయ్. గోరంట్లకు పోదాం. నా ముందర ఆమెతో అను."

నవంబర్ 12

నిన్న రాసేదానికి చెయ్యి రాలా. ఇప్పుడు రాస్తాండా.

బండి మీద రెండు గంటలు. సుంకప్ప మామ ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు. అత్త కింద కూర్చోని మల్బరీ ఆకు తుంచి తట్టల్లో పరుస్తాండాది. ఎంత చిక్కిపోయిందో. మమ్మల్ని చూసి లేవలా. చేతులు మాత్రం ఆగిపోయినాయి.

"అమ్మా" అన్నాడు వీరేష్. రెండేండ్లకు అన్నాడు ఆ మాట. "ఈమె ఏమో అంటాది. ఆ పొద్దు ఫోన్లో తిమ్మన్న కాడికి పొమ్మనింది తానే అంటాది. నిజమా?"

అత్త మళ్లీ ఆకు తుంచడం మొదలుపెట్టింది.

"యాడి మాటరా. నేను ఆ యాలకే తిమ్మన్న కాడ ఉండా. బిడ్డను బండ మీద పండుకోబెట్టినాకే ఫోన్ చేసినా. హేమ ఏమన్నా ఒకటే, అనకపోయినా ఒకటే. ఆ గుట్ట కాడ సిగ్నల్ గూడా సరిగా రాదు."

వీరేష్ నా పక్క చూసినాడు. ఆయప్ప ముఖంలో ఏదో సడలింది. నమ్మినాడు. తల్లి బిడ్డకు అబద్ధం చెప్తాదా?

నాకూ నమ్మాలనిపించింది. దాచేదేముంది, చానా అనిపించింది. అత్త మాటే నిజమైతే నేనన్నందుకు ఏమీ జరగలా. నేను పొమ్మనకున్నా బిడ్డ ఆ బండ మీదనే ఉండేది. మనసు ఒప్పుకోని అన్నావా లేదా అని అడిగే, సాబా చెప్పిన ఆ పెద్దాయనకు నేను జవాబు చెప్పుకోవాల, అది వేరే. కానీ బిడ్డ ప్రాణం నా మాట మీద పోలా. అంత బరువు దిగితాది. ఊరికే ఉంటే చాలు.

నేను ఇన్ని పేజీలు రాసినా గానీ ఒకటి రాయలా. ఆ నలభై రెండు సెకండ్లలో అత్త గొంతు వెనక ఇంకో గొంతు ఉండె. "అవ్వా, టీవీ ఆపవ్వా, అమ్మ మాట ఇనపడలా" అన్నాది గౌతమి. నా బిడ్డ మాట నేను విన్నది అదే ఆఖరు. దాన్ని ఎవరితోనూ అనలా. కాగితం మీద పెడితే గూడా అరిగిపోతాదని భయం.

"లేదత్తా" అన్నా. "నువ్వు ఇంట్లోనే ఉండావు. టీవీ మోగతాండె. టీవీ ఆపమని గౌతమి నీతో అనె. నేను విన్నా."

అత్త చేతిలో ఆకు కింద పడింది. నా ముఖం చూసింది. రెండు చేతులతో నెత్తి కొట్టుకున్నాది.

"ఎందుకే చెప్తావు? ఎందుకే? ఒకరు మోస్తే చాలదా? నేనెట్లాగూ మునిగినదాన్ని. వాడు నన్నిడిసి బతికినాడు, నిన్ను గూడా ఇడిస్తే వాడేం గావాల? పెండ్లాం ఒకతన్నా ఉంటాదిలే అనుకుంటినే!"

అంత పెద్దగా ఏడ్చేది నేనెప్పుడూ చూడలా. సుంకప్ప మామ ఉరికొచ్చినాడు. వీరేష్ బయటికి పోయి బండి పక్కన దుమ్ములో కూర్చున్నాడు. నేను పోయి అత్త పక్కన కూర్చున్నా. పట్టుకోనిస్తాదో లేదో అనుకున్నా. పట్టుకోనిచ్చింది.

రమ్మంటే రాలా. "వాడు పిలిస్తే వస్తా" అన్నాది.

నవంబర్ 16

వీరేష్ నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడితే తింటాండాడు.

నవంబర్ 24

పొద్దున చెప్పకుండా పోయి, సాయంత్రానికి అత్తను బండి మీద ఎక్కించుకోని వచ్చినాడు. ఒక బట్టల మూట. గడప కాడ ఆమె ఆగిపోయింది. "లోపలికి పామ్మా" అన్నాడు. ఊర్లో వాళ్లు వాకిండ్లలో నిలబడి చూసినారు. యశోదమ్మ సెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లకు ఇచ్చింది.

తల్లీ కొడుకూ వాకిట్లో కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నేను పొయ్యి కాడ ఉండా.

నవంబర్ 27

ఆయప్ప మంచం వసారాలోకి మార్చుకున్నాడు. అత్తతో మాట్లాడతాండాడు. నాతో లేదు.

యశోదమ్మ అంటాది, మగోడు, కొన్ని దినాలు పోతే సరిపోతాదిలే అని. ఏమో. చింతామణికి లోడు దొరికితే పోతాండాడు, రెండు దినాలకు వస్తాండాడు. ఇంక రాకుండా పోతాడా, ఒక దినం హేమా అని పిలుస్తాడా, నాకు తెలీదు. ఆయప్పకూ తెలీదు. ఏమిటికి చెప్పినానా అని ఒకరోజు అనుకుంటా. చెప్పకుండా ఎట్ల ఉంటినా అని ఇంకోరోజు అనుకుంటా. కానీ ఆ మాట నాతో ఎవరూ చెప్పించలా. నేనే చెప్పినా.

డిసెంబర్ 1

పొద్దున అత్త నా కాడికొచ్చి, "బిడ్డ కాడికి పోవల్ల. వాణ్ణి అడిగినా. పొమ్మన్నాడు" అన్నాది. ఇన్నాళ్లూ ఆమెకు సమాధి చూసే భాగ్యం లేదు.

ఇద్దరం పోయినాం. విత్తని చేన్ల మీద మంచు తెల్లగా ఉండాది. సమాధి కనపడేసరికి ఆమె నడక నిలిచింది. నా చెయ్యి వదిలిపెట్టింది. నన్ను రావద్దని అనలా గానీ నాకు అర్థమైంది. గట్టు కాడనే నిలబడినా.

ఆమె పోయి సమాధి మీద మట్టి చేత్తో సదురుతా కూర్చుండె. చానాసేపు మాట్లాడింది. చేతులు తిప్పుకుంటా, తలకాయ ఊపుకుంటా, బిడ్డ ఎదురుగ్గా కూర్చోనుంటే మాట్లాడినట్టు. గాలికి నాకు ఒక్క మాటా వినపడలా. నా పేరు అనిందో ఏమో. దగ్గరికి పోలా.

ఎండ పొడిచినాక లేచింది. గట్టు ఎక్కేదానికి చెయ్యి అందిచ్చినా.

"వానికి రొట్టె చేసిపెడదాం పా" అన్నాది. "ఆకలితో ఉంటాడు."